రాష్ట్రాల ఎల్లలు దాటే లైసెన్సు తుపాకి: తేని – ఇడుక్కి సరిహద్దు

భారతదేశంలో ఆయుధాల గురించి శాసనం చేసే అధికారం రాష్ట్రాలది కాదు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో ఐదవ అంశంగా ఆయుధాలు, తుపాకులు, మందుగుండు, పేలుడు పదార్థాలు చేరినందువల్ల 1959 నాటి ఆయుధాల చట్టం, దాని కింద వెలువడిన 2016 నాటి ఆయుధాల నియమావళి దేశమంతటా ఒకే తీరున వర్తిస్తాయి. అయినా తమిళనాడులోని తేని జిల్లాలో సక్రమంగా లైసెన్సు పొందిన తుపాకిని బండిలో పెట్టుకొని ఘాట్ రోడ్డెక్కి కేరళలోని ఇడుక్కి జిల్లాలో దిగిన మనిషి, చట్టంలో ఒక్క అక్షరం మారకపోయినా, తప్పు చేసినవాడు కావచ్చు. లైసెన్సు చెల్లే ప్రాంతమూ, అది ఇచ్చిన ప్రయోజనమూ, అడవిని కాపాడే చట్టాలూ, ఆయా జిల్లాల అధికారులు వేళను బట్టి జారీ చేసే ఉత్తర్వులూ ఎల్ల దాటగానే మారిపోవడమే ఇందుకు కారణం. ప్రయాణికుడు చదవవలసింది చట్టం కన్న ముందు తన లైసెన్సు పుస్తకాన్నే అన్న సంగతి ఈ సరిహద్దు మీద తెలిసినంత స్పష్టంగా మరోచోట తెలియదు.

తేని జిల్లా 1996లో మదురై జిల్లా నుంచి విడివడింది. బోడినాయకనూరు నుంచి బోడిమెట్టు మీదుగా పూప్పారకు, కంబం నుంచి కంబంమెట్టుకు, గూడలూరు నుంచి కుమిళికి పోయే ఘాట్ రోడ్లు దీన్ని ఇడుక్కితో కలుపుతాయి. ఈ లోయలో రాజకంబళం నాయకర్లు, కమ్మవారు మొదలైన తెలుగు కుటుంబాలు కొన్ని వందల ఏళ్లుగా స్థిరపడి ఉన్నాయి. వీరిలోనూ, తమిళం మాట్లాడే ఇరుగుపొరుగు కులాలలోనూ ఇల్లు ఇవతల, ఏలకుల తోట అవతల ఉన్నవారు చాలామంది. ఇంట్లో తెలుగు, ఊళ్ళో తమిళం, కొండ మీది కచేరీలలో మలయాళం వాడుకొనే ఈ కుటుంబాలకు రాష్ట్రం దాటడమంటే పొద్దున తోటకు పోయి సాయంత్రం ఇంటికి రావడమే కనుక, ఎల్ల అన్న ఊహ వారి మనసులో అంత గట్టిగా నిలవదు. చిక్కులు మొదలయ్యేది అక్కడే.

పూర్వచరిత్ర

మదురై నాయక రాజుల కాలంలో, పదహారవ శతాబ్దంలో, ఏర్పడినదిగా చెప్పే పాళయాల వ్యవస్థలో పాలెగాడు తన పరిధిలో పన్ను వసూలు చేసి, కావలి కాసి, రాజు పిలిచినప్పుడు సాయుధులైన మనుషులను పంపవలసి ఉండేది కాబట్టి, ఆయుధం కలిగి ఉండడం అతనికి హక్కూ, విధీ కూడా. బోడినాయకనూరు, గండమనాయకనూరు పాళయాలు తెలుగు మాతృభాషగా గల తొట్టియ (రాజకంబళం) నాయకులవి. తిరునెల్వేలి సీమలోని పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మన్ కూడా ఈ సమూహంవాడే. అతన్ని 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరితీసిన తరువాత రెండేళ్లకు మళ్ళీ రేగిన తిరుగుబాటును ఈస్టిండియా కంపెనీ అణచివేసింది. ఆపైన మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ 1801 డిసెంబరు 1న ఒక ప్రకటన వెలువరించి, దక్షిణ పాలెగాళ్ల సీమల్లో ఆయుధాలు ధరించడాన్ని, దాచుకోవడాన్ని నిషేధించి, ప్రతిగా స్థిరమైన పన్నుతో జమీందారీ హక్కు ఇస్తామని చెప్పాడు. ఆయుధం పుట్టుకతో వచ్చే హక్కు కాక సర్కారు దయతో దక్కే అనుమతిగా మారడం ఈ నేల మీద అప్పటితో మొదలైందనుకోవచ్చు. దేశవ్యాప్తమైన ఆయుధాల చట్టం రావడానికి అప్పటికి ఇంకా డెబ్బై ఏళ్లకు పైగా ఉంది.

1878 నాటి భారత ఆయుధాల చట్టం లైసెన్సు పద్ధతిని బ్రిటిషు ఇండియా అంతటా బిగించింది, తెల్లవారికి మాత్రం మినహాయింపు ఉంచుకొంది. కొండల అవతల ఉన్నది బ్రిటిషు ఇండియా కాదు, తిరువాన్కూరు సంస్థానం. కాబట్టి కంబం లోయ నుంచి కుమిళికి తుపాకి తీసుకుపోవడం ఆ చట్టం దృష్టిలో సూత్రప్రాయంగా బ్రిటిషు ఇండియా వెలుపలికి ఆయుధం ఎగుమతి చేయడమే. సొంత వాడకానికి వెంట ఉంచుకొనే కొద్దిపాటి ఆయుధాలకు సడలింపులు ఉండేవి గాని నియమం నియమమే. ముల్లపెరియారు నీటికోసం 1886లో మద్రాసు ప్రభుత్వమూ తిరువాన్కూరూ రాసుకొన్న కౌలు ఒప్పందం ఈ రెండు అధికారాల ఎడాన్ని గుర్తుచేస్తుంది. 1956 రాష్ట్రాల పునర్విభజనలో తమిళులు అధికంగా ఉన్న దేవికుళం, పీరుమేడు తాలూకాలు మద్రాసుకు రాకుండా కేరళలోనే ఉండిపోయాయి. సంస్థానపు ఎల్ల అలా రాష్ట్రపు ఎల్ల అయింది. 1959లో చేసిన కొత్త చట్టం 1962 అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చిన తరువాత ఎగుమతి అన్న మాట పోయింది కాని, లైసెన్సులోని 'ప్రాంతం' అనే గడి దాని చోటు ఆక్రమించింది.

లైసెన్సు, దాని పరిధి

చట్టంలోని 3వ సెక్షను ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి సంపాదించడం, దగ్గర ఉంచుకోవడం, వెంట తీసుకుపోవడం నేరం. జిల్లాలో కలెక్టరు జిల్లా మేజిస్ట్రేటు హోదాలో, మదురై, కోయంబత్తూరు వంటి నగరాలలో పోలీసు కమిషనరు ఈ లైసెన్సు ఇస్తారు. లైసెన్సులో ఆయుధం రకం, దాని సంఖ్య, తూటాల పరిమితి, ఎందుకోసం ఇచ్చినది అన్న వివరాలతో పాటు అది ఏ ప్రాంతంలో చెల్లుతుందో కూడా రాసి ఉంటుంది. ఆ ప్రాంతం ఒక జిల్లా కావచ్చు, రాష్ట్రమంతా కావచ్చు, పొరుగు రాష్ట్రాలు కొన్ని కలిపి కావచ్చు, అరుదుగా దేశమంతా కావచ్చు. 'తమిళనాడు' అని మాత్రమే రాసి ఉన్న లైసెన్సుకు బోడిమెట్టు చెక్‌పోస్టు దాటాక బలం లేదు. దేశమంతా చెల్లే అనుమతి ఎక్కడైనా పనిచేయవలసి వచ్చే ప్రభుత్వోద్యోగులకు, సైనికులకు, పేరున్న షూటింగ్ క్రీడాకారులకు దొరికినంత సులభంగా మామూలు రైతుకు దొరకదు. అతడు పొరుగు రాష్ట్రంలో తనకు భూమి ఉన్నదని పట్టా, పన్ను రశీదులతో రుజువు చేసి, పరిధి పెంచమని విడిగా దరఖాస్తు చేసుకోవాలి.

నివాసం మారినప్పటి సంగతి వేరు. లైసెన్సుదారుడు శాశ్వతంగా గాని, ముప్పై రోజులకు మించి తాత్కాలికంగా గాని వేరే చోటికి మారి తుపాకిని వెంట తీసుకుపోతే, ముప్పై రోజులలోగా కొత్త చోటి అధికారికీ, లైసెన్సు ఇచ్చిన అధికారికీ తెలియజేయాలి. ఏలకుల కోత నెలల్లో తోట బంగళాలోనే ఉండిపోయేవారికి ఈ షరతు వర్తిస్తుందన్న ఊహే చాలామందికి రాదు. పరిధి దాటడం, సమాచారం ఇవ్వకపోవడం వంటి షరతుల ఉల్లంఘనకు 30వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలో, రెండు వేల రూపాయల వరకు జరిమానానో, రెండూనో పడవచ్చు. అసలు లైసెన్సే లేకుండా తుపాకి ఉంచుకొన్నవారికి 2019 సవరణ తరువాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు, జరిమానా ఉన్నాయి. పరిధి బయట పట్టుబడిన లైసెన్సు తుపాకిని ఈ రెంటిలో దేని కింద చూడాలన్నదే ఇటువంటి కేసులలో వాదనకు ముఖ్యమైన అంశం. 3వ సెక్షను కింద కేసు నడపడానికి జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలన్న 39వ సెక్షను నియమాన్ని కూడా ఇక్కడ చెప్పుకోవాలి.

తోటకు యజమాని రాలేక డ్రైవరు చేతనో, మేస్త్రీ చేతనో తుపాకి పంపడం ఈ ప్రాంతంలో వింత కాదు. చట్టం దీనికి సన్నని దారి ఒకటి ఉంచింది: లైసెన్సుదారుడు పక్కన ఉండగా గాని, అతని రాతపూర్వక అనుమతితో గాని, మరమ్మతు కోసమో, లైసెన్సు పునరుద్ధరణ కోసమో, లైసెన్సుదారుడు వాడుకోవడం కోసమో మాత్రమే మరొకరు తుపాకిని మోయవచ్చు. అంటే మోసేవాడు కాల్చకూడదు. యజమాని లైసెన్సు చెల్లని చోట అతని చీటీ కూడా చెల్లదు. తుపాకిని బహిరంగ స్థలంలో ఒరలోనో కవరులోనో ఉంచి తీసుకుపోవాలి తప్ప చేతపట్టి ఝళిపించకూడదని 2016 నియమావళి చెబుతుంది. 19వ సెక్షను కింద ఏ పోలీసు అధికారి అయినా లైసెన్సు చూపమని అడగవచ్చు, చూపలేకపోతే ఆయుధం స్వాధీనం చేసుకోవచ్చు. లైసెన్సులన్నిటినీ విశిష్ట సంఖ్యతో ఒకే జాతీయ పట్టికలో చేర్చడం వల్ల తేని లైసెన్సు వివరాలను ఇప్పుడు కేరళ అధికారి కూడా సరిచూడగలడు. చెక్‌పోస్టులో మాటలతో సర్దుబాటు చేసుకొనే పాత అలవాటుకు ఇది పెద్ద దెబ్బ.

పంట రక్షణ, అడవి పంది

ఒకే చట్టం కింద రెండు రాష్ట్రాలు ఎంత భిన్నంగా నడుచుకోగలవో పంట రక్షణ తుపాకి చూపినట్టుగా మరేదీ చూపదు. ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం గల నునుపు గొట్టపు తుపాకిని ఆత్మరక్షణకో, క్రీడకో, మందు కూరి పేల్చే తుపాకిని నిజమైన పంట రక్షణకో కోరే పౌరుడికి 13వ సెక్షను కొంత అనుకూలంగా ఉంది. కాని పంట రక్షణ లైసెన్సు స్వభావం చేతనే ఒక పొలానికో, కొన్ని గ్రామాలకో కట్టుబడినది. ఉత్తమపాళయం తాలూకాలోని కొబ్బరి తోటకు ఇచ్చిన తుపాకి, అదే రైతుకు ఉడుంబన్‌చోల తాలూకాలో ఉన్న ఏలకుల తోటను కాపాడదు.

తుపాకి ఉండడం వేరు, జంతువు మీద పేల్చడం వేరు. రెండవది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చేతిలో ఉంది. పంటలను పాడుచేస్తున్న అడవి పందులను చంపడానికి అనుమతించే అధికారాన్ని కేరళ ప్రభుత్వం 2022 మేలో స్థానిక సంస్థల అధ్యక్షులకు అప్పగించింది. పంచాయతీ అధ్యక్షుడు గౌరవ వన్యప్రాణి వార్డెను హోదాలో, లైసెన్సు తుపాకి ఉన్న స్థానికుల జాబితా నుంచి మనిషిని ఎంచి, అడవి బయట పందిని కాల్చమని ఆదేశించవచ్చు. తమిళనాడు 2025లో ప్రకటించిన విధానం పూర్తిగా వేరు: రిజర్వు అడవి అంచు నుంచి ఒక కిలోమీటరు లోపల పందిని పట్టడం గాని కాల్చడం గాని కూడదు, ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల మధ్య పట్టి అడవిలో వదలాలి, మూడు కిలోమీటర్లు దాటిన చోట మాత్రం కాల్చవచ్చు, అదీ అటవీ శాఖ సిబ్బందే. ఇవతల రైతు తుపాకికి ఈ పనిలో చోటే లేదు; అవతల ఉంది కాని, అది కేరళలో చెల్లే లైసెన్సుతో, ఆ పంచాయతీ జాబితాలో పేరుండి, ఆదేశం చేతికి వచ్చిన తరువాతే. కేరళలో పందిని కాల్చడం 'చట్టబద్ధమైంద'ని విని తమిళనాడు తుపాకితో కొండెక్కే తోట యజమాని ఆయుధాల చట్టాన్నీ వన్యప్రాణి చట్టాన్నీ ఒకే దెబ్బతో అతిక్రమిస్తాడు. రెండు పద్ధతుల్లో కేరళది రైతును నమ్మినది, తమిళనాడుది అడవిని నమ్మినది. అయితే పందికి ఎల్ల తెలియదు కనుక, ఒకే కొండకు రెండు వాలుల మీద రెండు నీతులు నడవడం ఏ పక్షానికీ పెద్దగా మేలు చేయలేదు.

అడవి గుండా దారి

ఆయుధాలు కేంద్ర జాబితాలో ఉన్నా అడవులు 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. తమిళనాడుకు 1882 నాటి అటవీ చట్టం, కేరళకు 1961 నాటి అటవీ చట్టం ఉన్నాయి కాబట్టి రిజర్వు అడవిలో వేటకు, అక్రమ ప్రవేశానికి సంబంధించిన నియమాలు నిజంగానే రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. వీటికి పైన, వన్యప్రాణి చట్టంలోని 31వ సెక్షను ముఖ్య వన్యప్రాణి వార్డెను రాతపూర్వక అనుమతి లేనిదే అభయారణ్యంలోకి ఏ ఆయుధంతోనూ ప్రవేశించకూడదంటుంది. రహదారి మీద పోయే బాటసారికి ప్రవేశ అనుమతి అక్కరలేదని అదే చట్టం వేరొక చోట చెప్పినా, ఆయుధం విషయంలో ఆ సడలింపు కనిపించదు. కుమిళి ఊరికి ఆనుకొని 1978లో పులుల అభయారణ్యమైన పెరియారు ఉంది. ఇవతల 2021లో శ్రీవిల్లిపుత్తూరు – మేఘమలై పులుల అభయారణ్యం ఏర్పడింది. 34వ సెక్షను కింద అభయారణ్యంలోనూ, దాని చుట్టూ పది కిలోమీటర్లలోనూ నివసించే లైసెన్సుదారులు తమ పేర్లు నమోదు చేయించుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సు ముఖ్య వన్యప్రాణి వార్డెను సమ్మతి లేనిదే ఇవ్వకూడదు. కంబం లోయ పైభాగపు గ్రామాలు ఎన్నో ఈ పది కిలోమీటర్ల వలయంలోకి వస్తాయి.

ఎన్నికలు, తాత్కాలిక ఉత్తర్వులు

ఎన్నికల ప్రకటన రాగానే జిల్లా స్థాయి పరిశీలక సంఘం నిర్ణయించినవారు తమ తుపాకులను పోలీసు స్టేషనులోనో, అధికృత తుపాకుల దుకాణంలోనో అప్పగించి, ఫలితాల తరువాత తిరిగి తీసుకోవాలి. లోక్‌సభ ఎన్నికల నియమావళి దేశమంతటా ఒకేసారి అమలవుతుంది కనుక 2024లో తమిళనాడు ఏప్రిల్ 19న, కేరళ ఏప్రిల్ 26న ఓటు వేసినా నిబంధనల కాలం ఒకటే. స్థానిక సంస్థల ఎన్నికలు అలా కాదు. వాటిని ఏ రాష్ట్రపు ఎన్నికల సంఘం ఆ రాష్ట్రంలో నడుపుతుంది కాబట్టి, ఇడుక్కిలో తుపాకులు స్టేషనుకు చేరిన నెలలో తేనిలో ఏ ఆంక్షా లేకపోవచ్చు. ఇవి కాక, శాంతిభద్రతల పేరుతో జిల్లా మేజిస్ట్రేటు ఆయుధాలు మోయడాన్ని నిషేధించే ఉత్తర్వు ఇవ్వవచ్చు. పాత నేర విచారణ స్మృతిలోని 144వ సెక్షను 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 163వ సెక్షనుగా వచ్చింది. ఉత్తర్వు ఒక జిల్లాకే పరిమితం కావడం వల్ల దాని సంగతి పొరుగు జిల్లావాడికి చెక్‌పోస్టు దాకా తెలియదు.

తుపాకి కాని ఆయుధాలు, పాత ఆయుధాలు

పనికోసం వాడే కొడవలి, కత్తి, చేతికర్ర చట్టం చెప్పే ఆయుధాల లెక్కలోకి రావు. తొమ్మిది అంగుళాలకు మించిన పొడవో, రెండు అంగుళాలకు మించిన వెడల్పో గల పదునైన ఆయుధాలకు మాత్రం 4వ సెక్షను కింద ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతాలలోనే లైసెన్సు కావాలి కనుక, ఒక జిల్లాలో స్వేచ్ఛగా ఉన్నది మరో జిల్లాలో అనుమతి అడగవచ్చు. గాలి తుపాకులలో 4.5 మిల్లీమీటర్లకు మించిన గొట్టమో, 20 జౌళ్లకు మించిన శక్తో ఉన్నవాటికే 2016 నుంచి లైసెన్సు అవసరం. జమీందారీ ఇళ్ళలో గోడకు వేలాడే తోడాల తుపాకులు, మరమ్మతు చేసినా పేలనివైతే, 45వ సెక్షను మినహాయింపులోకి వస్తాయి. పేలేవైతే అవి ఎంత పాతవైనా తుపాకులే, వాటికి లైసెన్సు ఉండాలి, పెళ్ళి ఊరేగింపులో పేల్చితే 2019 సవరణ కింద రెండేళ్ల వరకు జైలో, లక్ష రూపాయల వరకు జరిమానానో, రెండూనో పడే వీలుంది.

ఎల్ల దాటినా వెంట వచ్చే హక్కు ఒకటి పొరుగు కర్ణాటకలో ఉంది. కొడగులో పుట్టిన కొడవలకూ, అక్కడి జమ్మా భూములు గలవారికీ కేంద్రం 3వ సెక్షను నుంచి మినహాయింపు ఇచ్చింది. 1963 నాటి ప్రకటన ప్రకారం వారు కొడగు బయట నివసించినా ప్రయాణించినా ఒక రైఫిలు, దానికి నూరు తూటాలు, ఒక నునుపు గొట్టపు తుపాకి, దానికి ఐదు వందల తూటాల వరకు వెంట ఉంచుకోవచ్చు. ఈ మినహాయింపును 2019లో మరో పదేళ్లకు పొడిగించారు. 2021లో కర్ణాటక హైకోర్టు దాన్ని సమర్థించింది. తరతరాలుగా పాళయాలేలిన రాజకంబళం వారికి అటువంటి మినహాయింపు ఏనాడూ దక్కలేదు. 1834లో కంపెనీ ఏలుబడిలోకి పోయిన కొడగుకు బ్రిటిషువారితో ఉన్న సంబంధమూ, 1801లో ఓడిన పాళయాలకు వారితో ఉన్న సంబంధమూ వేరు.

విమానంలో పోయేవారికి మదురై, కోయంబత్తూరు విమానాశ్రయాలలో తుపాకి కన్న తూటాతో ఎక్కువ ప్రమాదం. తుపాకిని తూటాలు తీసి, ముందే ప్రకటించి, సామానుతో పంపవచ్చు. తోట సంచి అడుగున మరచిపోయిన ఒక్క తూటా స్కానరులో కనబడితే కేసు నమోదవుతుంది. ఆయుధం దగ్గర ఉన్నదన్న ఎరుక ఉంటేనే అది నేరమని సుప్రీంకోర్టు 1972లోనే చెప్పింది కనుక అటువంటి కేసులు కొన్ని హైకోర్టులలో కొట్టివేతకు గురయ్యాయి కాని, కోర్టు దాకా పోవడమే శిక్షలా పరిణమిస్తుంది.

అమెరికాలోని తెలుగువారు

రాష్ట్రానికొక తుపాకి చట్టం అన్న మాట అక్షరాలా నిజమయ్యేది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో. టెక్సాస్ 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హులైన వయోజనులు లైసెన్సు లేకుండానే చేతి తుపాకి ధరించవచ్చంది. సగానికి పైగా రాష్ట్రాలది ఇప్పుడు అదే బాట. తెలుగువారు అధికంగా ఉన్న న్యూజెర్సీలో మాత్రం అనుమతి తప్పనిసరి, పైగా అది మరో రాష్ట్రపు అనుమతిని గుర్తించదు. ఈ తేడాల మధ్య ప్రయాణికుడికి రక్షణగా 1986 నాటి ఫెడరల్ చట్టం ఒక దారి ఇచ్చింది: బయలుదేరిన చోటా, చేరే చోటా తుపాకి చట్టబద్ధమైతే, తూటాలు లేకుండా, చేతికి అందని చోట ఉంచి, మధ్య రాష్ట్రాల గుండా పోవచ్చు, వెనుక డిక్కీ లేని బండిలో అయితే తాళం వేసిన పెట్టెలో ఉంచాలి, ముందున్న గ్లవ్ బాక్సు పనికిరాదు. ఈ రక్షణ ఎంత సన్ననిదో 2005లో న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో తెలిసింది. యూటా నుంచి పెన్సిల్వేనియాకు పోతున్న ఒక ప్రయాణికుడు దారిలో బస తప్పనిసరై, తుపాకి ఉన్న పెట్టె చేతికి తీసుకొని హోటలులో రాత్రి గడిపి, మరునాడు విమానాశ్రయంలో ఆ తుపాకిని తానే ప్రకటించి అరెస్టయ్యాడు. నేరారోపణ తరువాత రద్దయింది కాని, అతడు వేసిన నష్టపరిహారపు దావాలో 2010లో ఫెడరల్ అప్పీలు కోర్టు, హోటలులో తుపాకి అతని చేతికి అందేలా ఉన్నందువల్ల 1986 చట్టపు రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది.

ఆ దేశంలో తెలుగు కుటుంబాలకు ఇంతకన్న దగ్గరి నియమం వేరొకటి ఉంది. హెచ్1బి వంటి ఉద్యోగ వీసా మీదనో, ఎఫ్1 విద్యార్థి వీసా మీదనో ఉన్న విదేశీయుడు తుపాకి గాని తూటా గాని దగ్గర ఉంచుకోవడం ఏ రాష్ట్రంలోనైనా ఫెడరల్ నేరం. ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి ఇందులో మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు వచ్చాక నిషేధమే తొలగిపోతుంది. టెక్సాస్‌లో అందరి నడుముకూ తుపాకి కనిపిస్తున్నంత మాత్రాన అక్కడి తెలుగు విద్యార్థి తోటివాడి తుపాకిని ఒక పూట తన గదిలో దాచడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది, వేట లైసెన్సు అతని జేబులో ఉంటే తప్ప.